చాక్లెట్ ప్రెట్జెల్స్ గురించి అడిగావుగా

ఒరేయ్,

నీ ఉత్తరం మొన్న సాయంత్రం అందింది. ఉద్యోగం మారుతున్న సంగతి రెండు ముక్కల్లో తేల్చేసి, మిగతా కాగితమంతా "24 మందికి నా చేత్తో చేసిందేదైనా ఇచ్చి వెళ్లాలనుంది, పోయినసారి నువ్వు పంపిన ఆ చాక్లెట్ ప్రెట్జెల్స్ ఎలా చేశావో పూసగుచ్చినట్టు రాయి" అని నింపావు. చదివి ఎంత సంతోషమేసిందో చెప్పలేను రా. ఇన్నేళ్లు పక్కపక్కన కూర్చుని పనిచేసినవాళ్ల కోసం నువ్వు వంటింట్లో ఒక పూట నిలబడతానంటున్నావు. అందుకే నాకు తెలిసిందంతా రాస్తున్నాను. ఉత్తరం పొడుగవుతుంది, ఓపిక పట్టు.

ముందు లెక్క చూసుకుందాం. మనిషికి మూడు చొప్పున 72. విరిగేవి, పిల్లలు ఎత్తుకుపోయేవి కలుపుకుని 80 వేసుకో. ప్రెట్జెల్స్ అంటే గోధుమపిండితో కరకరలాడేలా కాల్చిన ఉప్పటి చిరుతిండి కదా, వాటిలో ముడి వేసినట్టుండే చిన్నవీ ఉంటాయి, కర్రల్లా పొడుగ్గా ఉండేవీ ఉంటాయి. బహుమతికైతే కర్రలే తీసుకో. మూడింట రెండొంతులు ముంచి కొస వదిలేస్తే, తినేవాళ్లకి పట్టుకోవడానికి చోటుంటుంది, వేళ్లకి చాక్లెట్ అంటదు. ముడులైతే ఒక్కోదాన్నీ ఫోర్కు మీద పెట్టి ముంచి తీయాలి, 80 చేసేసరికి నడుం పడిపోతుంది. నా చేతిలో 40 కర్రలకి అర కిలో చాక్లెట్ దాకా పట్టింది. నీకు కిలో కావాలన్నమాట. ఒకేసారి మొత్తం కరిగించకు, అర కిలో చొప్పున రెండు పూటలుగా చెయ్యి.

ప్రెట్జెల్ పొట్లం విప్పగానే ఒకటి విరిచి చూడు. టప్పుమని విరగాలి. మెత్తగా వంగినట్టు అనిపిస్తే అది గాలిలో తేమ పీల్చుకుందని అర్థం. 150 డిగ్రీల ఓవెన్‌లో ఐదారు నిమిషాలు పెడితే మళ్లీ కరకరలాడుతుంది. కానీ పూర్తిగా చల్లారాకే చాక్లెట్ దగ్గరికి తీసుకురా. ఎందుకో కింద చెబుతాను.

అసలు వీటిని చాక్లెట్‌తో కలిపితే అంత రుచెందుకు వస్తుందో తెలుసా? ప్రెట్జెల్ పిండిని కాల్చే ముందు క్షార ద్రావణంలో ముంచుతారు. సోడియం హైడ్రాక్సైడ్ కలిపిన నీళ్లు గానీ, వంటసోడా నీళ్లు గానీ. ఆ ముదురు గోధుమ రంగు, మెరుపు, ఆ కొంచెం చేదు అన్నీ దానివల్లే. పైన రాళ్ల ఉప్పు. ఉప్పుకి చేదుని అణిచి తీపిని పైకి తెచ్చే గుణం ఉంది కదా, డార్క్ చాక్లెట్ నాలుక మీద కరుగుతున్నప్పుడు మధ్యలో ఒక ఉప్పురాయి తగిలితే ఆ చాక్లెట్ అప్పటిదాకా దాచుకున్న రుచి అంతా బయటపెడుతుంది. మిల్క్ చాక్లెట్‌తోనూ బాగుంటాయి గానీ నన్నడిగితే డార్కే. ఈ గట్టి రకం ప్రెట్జెల్‌ని మొట్టమొదట వ్యాపారానికి చేసింది 1861లో అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రం లిటిట్జ్ ఊళ్లోని జూలియస్ స్టర్జిస్ బేకరీ అని చెబుతారు. తేమంతా పోయేదాకా కాలుస్తారు కాబట్టే అవి వారాల తరబడి నిలవుంటాయి. మన బహుమతికి ఈ గుణమే ప్రాణం.

ఇక చాక్లెట్. ఇక్కడే నేను మొదటిసారి దెబ్బతిన్నాను. మా చెల్లి పుట్టినరోజుకని 30 కర్రలు చేశాను. చాక్లెట్ జారుగా అయ్యేదాకా కరిగించాను, ముంచాను, ఫ్రిజ్‌లో పెట్టి పడుకున్నాను. రాత్రి చూసినప్పుడు నల్లగా నిగనిగలాడుతున్నాయి. పొద్దున తీసి బల్ల మీద పెడితే మధ్యాహ్నానికి ఒంటి నిండా బూడిద రంగు చారలు. పట్టుకుంటే వేళ్లకి అంటుకుంటున్నాయి, కొరికితే మైనంలా ఉంది. బూజు పట్టిందేమో అనుకుని మా ఆవిడ అన్నీ పారేయబోయింది. బూజు కాదది. చాక్లెట్‌లోని కోకో బటర్, అంటే కోకో గింజల కొవ్వు, సరిగ్గా గడ్డకట్టక పైకి తేలడం. తింటే ఏమీ అవ్వదు, కానీ డబ్బాలో పెట్టి ఒకరికి ఎలా ఇస్తాం? ఆ సాయంత్రం చెల్లి ఇంటికి ఉత్త చేతులతో వెళ్లాను. అది ఇప్పటికీ నాకు గుచ్చుకుంటూనే ఉంటుంది.

ఆ తర్వాత కూర్చుని అర్థం చేసుకున్నాను. కోకో బటర్ ఆరు రకాల స్ఫటికాలుగా గడ్డకట్టగలదు. వాటిలో ఐదో రకం మనకి కావలసింది. అది దాదాపు 34 డిగ్రీల దగ్గర కరుగుతుంది. అందుకే మంచి చాక్లెట్ వేళ్ల మధ్య నిలబడి నోట్లోకి వెళ్లగానే కరిగిపోతుంది. దానికి ముందున్న నాలుగు నాసిరకం స్ఫటికాలు అంతకన్నా తక్కువ వేడికే కరిగిపోతాయి, మచ్చలు పడతాయి. కొన్న చాక్లెట్‌లో ఐదో రకమే ఉంటుంది. మనం బాగా కరిగించేసరికి అన్నీ చెదిరిపోతాయి. మళ్లీ వాటిని పద్ధతిగా కూర్చోబెట్టడాన్నే టెంపరింగ్ అంటారు. పేరు విని భయపడకు, వంటింటి థర్మామీటర్ ఒకటుంటే చాలు.

అర కిలో డార్క్ చాక్లెట్‌ని సన్నగా తరుగు. 350 గ్రాములు గిన్నెలో వెయ్యి, 150 గ్రాములు పక్కన పెట్టు. గిన్నెలోదాన్ని మైక్రోవేవ్‌లో సగం పవర్ మీద 30 సెకన్లు పెట్టి తీసి కలుపు, మళ్లీ 30 సెకన్లు పెట్టి కలుపు. చాక్లెట్ కరిగినా ఆకారం చెదరకుండా కూర్చుంటుంది, కంటితో చూసి కరగలేదనుకుని మాడ్చేసేవాళ్లు చాలామంది. గరిటె పెడితేనే తెలుస్తుంది. 45 డిగ్రీలకి వచ్చాక బయటికి తీసి, పక్కన పెట్టిన తరుగుని గుప్పెడు గుప్పెడు వేస్తూ ఆపకుండా కలుపుతూ ఉండు. ఆ తరుగులో ఉన్న ఐదో రకం స్ఫటికాలే పాలలో తోడు వేసినట్టు మిగతాదాన్ని దారికి తెస్తాయి. డార్క్ అయితే 31, 32 దాకా దిగాలి. మిల్క్ చాక్లెట్ అయితే 29, 30. తెల్లది 28, 29. దిగడానికి పది పదిహేను నిమిషాలు పడుతుంది. తొందరపడి గిన్నెని చల్లటి నీళ్లలో పెట్టకు. కరగకుండా మిగిలిన పలుకులుంటే తీసేయ్.

వచ్చిందో లేదో తెలుసుకోవడానికి కత్తి మొనని ముంచి పక్కన పెట్టు. ఐదు నిమిషాల్లోపు గట్టిపడి, వేలితో తాకితే అంటకుండా, మెరుస్తూ ఉంటే వచ్చినట్టే. తడిగానే ఉన్నా, చారలు కనిపించినా ఇంకా కలపాలి. పని మధ్యలో చిక్కబడితే ఐదేసి సెకన్లు వేడి చెయ్యి, కానీ డార్క్ 33 దాటకూడదు. 34 దాటిందా, కూర్చోబెట్టిన స్ఫటికాలన్నీ కరిగిపోయాయన్నమాటే, మళ్లీ మొదట్నించి మొదలుపెట్టాలి. వేడి ప్రెట్జెల్ ముంచొద్దన్నది కూడా అందుకే.

నీళ్ల విషయంలో మాత్రం ఒళ్లు దగ్గర పెట్టుకో. గిన్నె, గరిటె, నీ చేతులు, కర్రలు అన్నీ పొడిగా ఉండాలి. చెంచాడు నీళ్లు పడినా చాక్లెట్‌లోని పంచదార తడిసి ఒకదానికొకటి అంటుకుని, గిన్నెడు చాక్లెట్ మట్టి ముద్దలా బిగుసుకుపోతుంది. అలా అయితే అది ముంచడానికి ఇక పనికిరాదు. వేడి పాలు పోసి తాగడానికి వాడుకోవడమే. మరిగే నీళ్ల గిన్నె మీద పెట్టి కరిగించాలనుకుంటే ఆవిరి ఎగిరి పడకుండా చూసుకో. రంగులు వేయాలనిపిస్తే నూనెతో చేసినవే వాడు, నీళ్ల రంగులు కూడా ఇదే పని చేస్తాయి. పల్చబడాలని కొబ్బరినూనె కలపమని కొందరంటారు. వద్దు. అది అసలు చాక్లెట్‌ని మెత్తబరుస్తుంది, చేతిలో పట్టుకోగానే కరుగుతుంది.

కొనేటప్పుడు వెనక రాసిన పదార్థాలు చదువు. కోకో బటర్ ఉంటే అసలు చాక్లెట్. దాని బదులు వేరే కొవ్వులుంటే అది కాంపౌండ్. కాంపౌండ్‌కి టెంపరింగ్ అక్కర్లేదు, కరిగించి ముంచితే చాలు. రుచి తక్కువ, నాలుక మీద కొంచెం జిడ్డు పొర నిలుస్తుంది. మొదటిసారి చెయ్యి తిరగడానికి దాంతో నాలుగు కర్రలు చేసి చూడు, తప్పులేదు. ఇచ్చేవి మాత్రం అసలువాటితో చెయ్యి. ఇంకోటి, కుకీల్లో వేసే చిప్స్ కొనకు. ఓవెన్‌లో ఆకారం చెడకుండా ఉండటానికి వాటిలో కోకో బటర్ తక్కువ వేస్తారు, కరిగించినా చిక్కగా ఉండి కర్రకి లావుగా పట్టుకుంటాయి.

ముంచడం చాలా హాయైన పని రా. పొడుగాటి గాజు గ్లాసు తీసుకో, కొంచెం వెచ్చగా ఉండి, తుడిచి ఆరబెట్టినది. అందులో చాక్లెట్ పొయ్యి. కర్రని నిలువుగా దింపి, ఒకసారి తిప్పి, నెమ్మదిగా పైకి తీయి. చాక్లెట్ దారంలా సాగి కారుతుంది. కర్ర పట్టుకున్న చేతి మణికట్టు మీద రెండో చేత్తో చిన్నగా తడుతూ ఉంటే, మూడు నాలుగు దెబ్బలకి ఎక్కువైంది జారిపోయి పొర పల్చగా సర్దుకుంటుంది. చివర ఒక బొట్టు వేలాడుతుంది చూడు, దాన్ని గ్లాసు అంచుకి రాసెయ్. ఆ బొట్టు తుడవకపోతే కాగితం మీద పెట్టినప్పుడు కర్ర కింద పాదంలా చదునైన గడ్డ కడుతుంది. అర ముప్పావు నిమిషంలో పైన మెరుపు మసకబారడం మొదలవుతుంది. ఏదైనా చల్లాలంటే ఆలోపే చల్లాలి.

చల్లేది తక్కువగా చల్లు. దంచిన బాదం పలుకులు, లేదా రేకుల్లా ఉండే ఉప్పు నాలుగైదు పలుకులు. ప్రెట్జెల్‌కే ఉప్పుంది కదా అనుకుంటావు, కానీ అది చాక్లెట్ కింద ఉండిపోతుంది, పైనున్నది నాలుకకి ముందు తగులుతుంది. రంగురంగుల చక్కెర గుళికలు ఒంటి నిండా అద్దితే చాక్లెట్ రుచి వాటి కింద అణగారిపోతుంది. గీతలు కావాలంటే, కర్రలు గట్టిపడ్డాక తెల్ల చాక్లెట్‌ని ప్లాస్టిక్ సంచిలో పోసి, మూలని సూది మొనంత కత్తిరించి, కర్రలన్నీ వరుసగా పేర్చి అడ్డంగా చేతిని వేగంగా ఊపు. చెయ్యి నెమ్మదైతే గీత లావైపోతుంది.

బటర్ పేపర్ మీద పరిచి, 18 నుంచి 20 డిగ్రీల గదిలో అరగంట వదిలెయ్. మరీ వేడిగా ఉంటే ఫ్రిజ్‌లో పది నిమిషాలు, అంతకు మించొద్దు. చల్లటి కర్రల్ని బయటికి తీస్తే వాటి మీద తేమ పడుతుంది, ఆ తేమకి పంచదార కరిగి ఆరిపోయాక తెల్లటి పొడిలా పైకి తేలుతుంది. అప్పుడు ఇంత కష్టమూ వృథా.

గట్టిపడ్డ వెంటనే సంచుల్లో వేసెయ్యకు. రాత్రంతా మూత ఉన్న డబ్బాలో ఉంచి, మర్నాడు పొద్దున మూడేసి సెల్లోఫేన్ కవర్లలో పెట్టి రిబ్బన్ కట్టు. ఉల్లిపాయలు, మసాలాలు ఉన్న అరకి దూరంగా పెట్టు, కోకో బటర్ పక్కనున్న వాసనలన్నీ లాగేసుకుంటుంది. తేమ తగలకుండా చల్లటి చోట ఉంటే రెండు మూడు వారాలు బాగుంటాయి. చిన్న చీటీ మీద గోధుమ, పాలు, సోయా, బాదం, వాటిలో ఏవి వేశావో అవి రాసిపెట్టు. అందరికీ అన్నీ పడవు, మొహమాటానికి ఎవరూ అడగరు. ఇంట్లో కుక్క ఉన్నవాళ్లకి నోటితో కూడా చెప్పు, చాక్లెట్ కుక్కలకి విషం.

విరిగిన ముక్కలు, గ్లాసు అడుగున మిగిలిన చాక్లెట్ కలిపి బటర్ పేపర్ మీద పల్చగా పరిచి ఆరనివ్వు. గట్టిపడ్డాక విరిచి పిల్లలకి ఇవ్వు, కర్రల జోలికి రారు.

చెల్లెమ్మని అడిగానని చెప్పు. ఈ ఆదివారం ఓ పావు కిలో చాక్లెట్‌తో పదో పదిహేనో కర్రలు చేసి, కత్తి మొన మీద చాక్లెట్ ఎన్ని నిమిషాలకి గట్టిపడిందో, మర్నాటికి మెరుపు నిలిచిందో లేదో రాయి. ఎక్కడైనా చారలు పడితే గిన్నెలో ఎన్ని డిగ్రీలుండగా ముంచావో కూడా రాయి, అప్పుడు తప్పెక్కడుందో చెప్పగలను.

ఇట్లు,
నీ నేస్తం