అటవీ అధికారి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన అటవీ అధికారి గారికి,

నమస్కారం. మూడు వినతిపత్రాలకు జవాబు రానందున అందరి ముందూ రాస్తున్నాను.

మా ఊరి అడవి అంచున కార్బన్ క్రెడిట్ల కోసమంటూ నీలగిరి మొక్కలకు గుంతలు తీసి, కంచె వేశారు. ఒక క్రెడిట్ అంటే చెట్లు పీల్చుకునే ఒక టన్ను బొగ్గుపులుసు వాయువు లెక్క; కంపెనీలు దాన్ని కొని తమ పొగకు బదులుగా చూపుకుంటాయి. దాన్ని కొన్నవారి పొగగొట్టం ఆగదు, మా దారి మాత్రం ఆగిపోయింది. తెల్లవారకముందే గంపతో ఇప్పపువ్వు ఏరడానికి వెళ్లే మా పెద్దమ్మ ఈ ఏడు కంచె దగ్గర నుంచే వెనుదిరిగింది. ఆ ఖాళీ గంప ఇప్పటికీ చూరుకు వేలాడుతోంది.

చెట్లు నాటడానికి మేము వ్యతిరేకులం కాము. 2024 ఆగస్టు 31న తాడ్వాయి అడవిలో సుడిగాలికి వేలాది చెట్లు నేలకూలినప్పుడు ఇంటి మనిషి పోయినంతగా బాధపడ్డాము. కానీ నీలగిరి వరుసలు అడవి కావు.

2006 అటవీ హక్కుల చట్టం అడవిని కాపాడే అధికారాన్ని గ్రామసభకు ఇచ్చింది. ఈ క్రెడిట్ల ఒప్పంద పత్రాన్ని తెలుగులో గ్రామసభ ముందు చదివించండి. సభ తీర్మానించే వరకు పనులు ఆపించండి. నాటవలసివస్తే ఇప్ప, తునికి, మద్ది నాటించండి. తొలకరికి ముందే మీ జవాబు కావాలి.

ఇట్లు,
ఉమ్మడి వరంగల్ జిల్లా గ్రామస్థుడు