మందు దెబ్బ లివర్‌కి ఒక్కదానికేనా?

సంపాదకులు గారికి,

తాగుడు గురించి మీ ఆరోగ్య పేజీలో ఎప్పుడు రాసినా లివర్ దగ్గర మొదలై లివర్ దగ్గరే ఆగిపోతోంది. నేను ఛాతీ వార్డులో స్టాఫ్ నర్సుగా చేసి రిటైరైనదాన్ని. బాగా తాగే అలవాటున్నవాళ్లు మా దగ్గరికి కామెర్లతో కాదు, నిమ్ముతో వచ్చేవారు.

శ్వాసనాళాల లోపలి గోడలకి నూగులాంటి సన్నని వెంట్రుకలుంటాయి. దుమ్మునీ క్రిముల్నీ కఫంతో సహా పైకి నెట్టేయడం వాటి పని. ఏళ్ల తరబడి తాగేవాళ్లలో ఆ పని మందగిస్తుంది. వాటిని దాటి ఊపిరితిత్తుల్లోకి దిగిన క్రిముల్ని మింగాల్సిన కణాలు నీరసిస్తాయి, సాయానికి రావాల్సిన తెల్లకణాలు ఆలస్యం చేస్తాయి. పైగా మత్తులో ఉన్నవాడికి దగ్గు సరిగా రాదు. వాంతి చేసుకుంటే అది ఊపిరితిత్తుల్లోకి జారుతుంది. ఇన్ని జరిగాక నిమ్ము పట్టకపోతేనే ఆశ్చర్యం. టీబీ ముప్పూ ఇలాగే పెరుగుతుంది. టీబీ మందుల కోర్సు వాడుతూ తాగితే మరీ ప్రమాదం, ఐసోనియాజిడ్ లాంటి మాత్రలు అసలే లివర్ మీద భారం వేస్తాయి. (చూశారా, నేనూ లివర్ దగ్గరికే వచ్చాను!)

రోజూ తాగేవాళ్ల సంగతే కదా అనుకోవద్దు. ఒక్క రాత్రి అతిగా తాగినా దాదాపు 24 గంటల దాకా ఇన్ఫెక్షన్‌ని ఎదుర్కొనే శక్తి తగ్గి ఉంటుంది.

కోవిడ్ రోజుల్లో ఒక పేషెంటు కొడుకు, "శానిటైజర్‌లో ఉండేదీ ఆల్కహాలే కదా సిస్టర్, తాగితే లోపలి క్రిములు చావవా?" అని అడిగాడు. శానిటైజర్‌లో కనీసం 60 శాతం ఉండాలి. రక్తంలో 0.4 శాతానికి చేరితేనే ప్రాణం పోవచ్చు. క్రిమి చచ్చేదాకా మనిషి ఉండడు. ఇలాంటి అపోహతోనే 2020లో ఇరాన్‌లో మిథనాల్ అనే విషపు ఆల్కహాల్ కలిసిన మద్యం తాగి వందలమంది చనిపోయారు.

ఇంకో మాట. అడ్మిషన్ అప్పుడు తాగుతారా అని అడిగితే ఇంట్లోవాళ్లు తలొంచుకుని "ఎప్పుడైనా కొంచెం" అంటారు. రెండో రోజో మూడో రోజో చేతులు వణికి, లేనివేవో కనపడుతున్నాయని మంచం దిగి పరిగెత్తబోతే గానీ అసలు సంగతి బయటపడదు. తాగుడు ఒక్కసారిగా ఆగిపోయినందుకు వచ్చే తిప్పలవి. ముందే తెలిస్తే డాక్టర్లు దానికీ మందులు మొదలుపెట్టేవారు.

కాబట్టి ఈసారి నిమ్ము మీద వ్యాసం వేసినప్పుడు రోజుకి ఎంత తాగుతారు, చివరిసారి ఎప్పుడు తాగారు అన్న ప్రశ్నల్ని కూడా అందులో పెట్టండి. డాక్టరు దగ్గర సిగ్గుపడకుండా ఉన్నది ఉన్నట్టు చెప్పమని ఇంటివాళ్లకి రాయండి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ స్టాఫ్ నర్సు