గండి పడితే ఎండ్రకాయే దొరికిందా?

సంపాదకులు గారికి,

మా చెరువు కట్ట తెగిన వార్త పోయిన వారం మీ జిల్లా పేజీలో చూశాను. అప్పుడే రాయాల్సింది. పొలంలో ఇసుక మేట తీయించే పనిలో పడి తీరిక దొరకలేదు. ‘పీతల బొరియల వల్లే గండి’ అని హెడ్డింగు. ఒక ఇంజనీరు గారు సెలవిచ్చారు, మీ విలేకరి రాసుకున్నారు, మీరు అచ్చేశారు.

ముందు ఆ వార్తతో వేసిన పీత ఫోటో సంగతి. అది ఉప్పునీటి మండపీత, ఎగుమతికి పోయే సరుకు. మా చెరువు కట్ట ఎక్కాలంటే అది సముద్రం దగ్గర బస్సెక్కి రావాలి. మా దగ్గర ఉండేది గుప్పిట్లో ఇమిడేంత, మట్టి రంగుది. పైగా మా ఊరి రైతు ‘పీతలు’ అన్నట్టు రాశారు. కోస్తాలో పీత కావచ్చు, పంచాంగంలో కర్కాటకం కావచ్చు, మాకు మాత్రం అది ఎండ్రకాయ. విలేకరి ఊళ్లోకి రాకుండానే వార్త రాసేశారని ఆ ఒక్క మాటతో అందరికీ తెలిసిపోయింది. తిరుపతి శ్రీ వెంకటేశ్వర విశ్వవిద్యాలయంలో ఈ ఎండ్రకాయ మీద దశాబ్దాలుగా పరిశోధనలు జరిగాయి. పురుగుమందులు దాన్ని ఏం చేస్తాయో కూడా అక్కడ పరిశీలించారు. ఒక్క ఫోన్ కొడితే సరిపోయేది.

ఎండ్రకాయ గెనిమలకు, అంటే పొలం గట్లకు, బొక్కలు పెడుతుంది, కాదనను. పై మడి నీళ్లు తెల్లారేసరికి కింది మడిలో ఉంటాయి. పారెడు మట్టి వేసి తొక్కుతాం, అంతే. ట్రాక్టరు తిరిగే కట్టను తెంచేంత బలం దానికెక్కడిది? కట్ట నిండా కంప చెట్లు మొలిచి వేళ్లు దిగాయి. తూము తలుపు తుప్పు పట్టి కదలదు. లోపలి వైపు పేర్చిన రాళ్లు ఎవరెవరి ప్రహరీల్లోకి పోయాయో ఊళ్లో అందరికీ తెలుసు. చెరువు నిండితే ఎక్కువ నీళ్లు బయటికి పోయే మరవ కాలువ పూడిపోయిందని అర్జీలు ఇచ్చాం, రసీదులు భద్రంగానే ఉన్నాయి. 1997 చట్టంతో సాగునీటి సంఘాలు వచ్చాయి, మరమ్మతులు మీవే అన్నారు. ఇప్పుడు సంఘం ఎక్కడుందో వెతుక్కోవాలి. వెనక చెరువు నీళ్లు చూసుకునే నీరుగంటి అయినా రోజూ కట్ట మీద తిరిగేవాడు. ఇప్పటి అధికారులు వాట్సాప్‌లో చూసి కట్ట బాగుందంటారు! ఎండ్రకాయ మీద నేరం మోపితే సుఖం, అది ఖండన ఇవ్వదు కదా.

అన్నిటికన్నా ఒళ్లు మండింది ఆ వార్త చివర ఇంజనీరు గారి సలహా చూసి. బొరియల్లో గుళికల మందు వేయాలట. ఏ గుళికలో లేదు, ఎంతో లేదు. పల్లెల్లో గుళికలంటే ఫోరేట్ అనే పురుగుమందు గుర్తొచ్చేవాళ్లు ఇంకా ఉన్నారు. దాన్ని కేంద్రం 2020 డిసెంబరు 31 నుంచి నిషేధించింది. ఆ చెరువులోనే గొడ్లు నీళ్లు తాగుతాయి, చేపలు పడతారు. ఎండ్రకాయలు తినేవాళ్లు కూడా ఉన్నారని ఆ ఇంజనీరు గారికి ఎవరైనా చెప్పండి. తొలి వానలకు అవి బొరియల్లోంచి బయటికి వస్తే మా ఇళ్లలో పండగే. కాళ్లు విరిచి రోట్లో దంచి, గుడ్డలో వడగట్టి, మిరియాలు, జీలకర్ర, వెల్లుల్లి వేసి కాచిన రసం జలుబు చేసినవాళ్లకు పోస్తారు. తల్లి ఎండ్రకాయ అయితే వెల్లకిలా తిప్పి పొట్ట కింది రేకు ఎత్తి చూస్తారు. దాని కింద కందిగింజల్లా పిల్లలు అతుక్కుని ఉంటే తిరిగి నీళ్లలోకి వదిలేస్తారు. యానాదుల కుటుంబాలకైతే పనుల్లేని రోజుల్లో ఇదే కూర. బొరియలో చెయ్యి పెట్టి పట్టేవాళ్లు మందు ఉందో లేదో ఎలా తెలుసుకోవాలి?

ఆ సలహా తప్పని మీ పత్రిక అదే పేజీలో, అంతే పెద్ద అక్షరాలతో వేయాలి. అలాగే మా చెరువు కట్టకు గత పదేళ్లలో ఎంత మంజూరైంది, ఎవరు బిల్లు తీసుకున్నారు, ఏ పని చేశారన్నది ఆ ఇంజనీరు గారినే అడిగి ప్రచురించండి.

– ఒక ఆయకట్టు రైతు,
శ్రీకాళహస్తి మండలం, తిరుపతి జిల్లా