ఎస్తోనియా ఇ-రెసిడెన్సీలో ‘రెసిడెన్సీ’ లేదు

సంపాదకుల వారికి నమస్కారం.

‘ఇంట్లో కూర్చుని యూరప్ నివాసం, పన్ను లేని సొంత కంపెనీ’ అంటూ ప్రకటనలు ఫోన్లలో తిరుగుతున్నాయి. సాఫ్ట్‌వేర్, డిజైన్, అనువాదం పనులు సొంతంగా చేసుకునే మన యువత వాటిని చూసి ఎస్తోనియా ఇ-రెసిడెన్సీకి దరఖాస్తులు పెడుతున్నారు. విదేశీయులకు డిజిటల్ గుర్తింపు కార్డు ఇచ్చే ఆ పథకం అసలైనదే. 2014 డిసెంబరు 1న ఎస్తోనియా ప్రభుత్వం మొదలుపెట్టింది. ఇప్పటికి లక్ష మందికి పైగా అందులో చేరారు. అయితే దాన్ని అమ్మిపెట్టే మధ్యవర్తులు సగమే చెబుతున్నారు. మిగతా సగం తెలియక డబ్బు కట్టేసిన వాళ్లు తర్వాత ఇబ్బంది పడుతున్నారు. అందుకే ఈ ఉత్తరం.

ముందు ఆ పేరు సంగతి. ఈ కార్డుతో ఎస్తోనియాలో నివాస హక్కు రాదు, పౌరసత్వం రాదు, షెంగెన్ వీసా రాదు. కార్డు మీద ఫొటో కూడా ఉండదు కాబట్టి ప్రయాణంలో గుర్తింపు పత్రంగా చూపడానికీ పనికిరాదు. అక్కడ పన్ను కట్టే నివాసిగానూ లెక్కలోకి రారు. చిప్పు ఉన్న ఆ కార్డుతో జరిగేవి రెండే పనులు: ఎస్తోనియా ప్రభుత్వ సేవల్లోకి లాగిన్ కావడం, పత్రాల మీద డిజిటల్ సంతకం చేయడం. ఆ సంతకానికి మాత్రం ఐరోపా సమాఖ్య దేశాలన్నిటా చేతి సంతకంతో సమానమైన విలువ ఉంది. పథకం అసలు బలం అదే. అక్కడికి వెళ్లి ఉంటూ పని చేసుకోవాలనుకునేవారికి 2020 ఆగస్టు నుంచి డిజిటల్ నోమాడ్ వీసా వేరే ఉంది. ఈ రెంటినీ కలిపి చెప్పేవారి మాట నమ్మవద్దు.

దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే పెట్టాలి. పాస్‌పోర్టు ప్రతి, ఫొటో, ఎందుకు కావాలో వివరణ, రుసుము 150 యూరోలు. పరిశీలించేది ఆ దేశపు పోలీసు, సరిహద్దు రక్షణ శాఖ. వివరణలో ‘వ్యాపారం చేయాలని ఉంది’ అని ఒక్క ముక్క రాస్తే చాలదు. ఏ సేవ అమ్ముతారు, క్లయింట్లు ఏ దేశాల్లో ఉన్నారు, డబ్బు ఎలా వస్తుంది అన్నవి నాలుగైదు వాక్యాల్లో సూటిగా రాయాలి. పరిశీలనకు 30 రోజుల దాకా పడుతుంది. ఆమోదం వచ్చాక కార్డు తయారై రావడానికి ఇంకొన్ని వారాలు. కార్డు ఇంటికి రాదు. దరఖాస్తులో ఎంచుకున్న చోటికి స్వయంగా వెళ్లి, వేలిముద్రలు వేసి తీసుకోవాలి. మన దేశంలో ఉన్నవారు సాధారణంగా న్యూఢిల్లీలోని ఎస్తోనియా రాయబార కార్యాలయాన్ని ఎంచుకుంటారు. ఆ ప్రయాణ ఖర్చును ఏ ప్రకటనా లెక్కలో చూపదు. 6 నెలల్లో వెళ్లి తీసుకోకపోతే కార్డును ధ్వంసం చేస్తారు, కట్టిన రుసుము పోయినట్టే.

కార్డుతో పాటు కంప్యూటరుకు తగిలించే కార్డు రీడరు, సీలు వేసిన కవరు ఇస్తారు. కవరులో మూడు సంఖ్యలుంటాయి. 4 అంకెల పిన్-1 లాగిన్‌కి, 5 అంకెల పిన్-2 సంతకానికి, 8 అంకెల పక్ కోడ్ తాళం పడిన పిన్‌ను తెరవడానికి. వరసగా మూడుసార్లు తప్పు కొడితే పిన్ ఆగిపోతుంది. పక్ కూడా మూడుసార్లు తప్పితే కొత్త కవరు కోసం మళ్లీ మనిషి వెళ్లాల్సిందే. పిన్-2 విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. కార్డూ ఆ 5 అంకెలూ ఏజెంటు చేతిలో పెట్టడమంటే ఖాళీ కాగితాల మీద సంతకాలు చేసి ఇవ్వడమే. ఆ తర్వాత ‘నేను చేయలేదు’ అంటే చెల్లదు. సాఫ్ట్‌వేర్‌ను ఎప్పటికప్పుడు అప్‌డేట్ చేసుకోవాలి. 2017లో చిప్పులో భద్రతా లోపం బయటపడినప్పుడు దాదాపు 7,60,000 కార్డుల సర్టిఫికెట్లను ప్రభుత్వం నిలిపివేసింది. అప్‌డేట్ చేసుకున్నాకే అవి మళ్లీ పనిచేశాయి.

కార్డు వచ్చినంత మాత్రాన కంపెనీ వచ్చినట్టు కాదు. ఎక్కువమంది పెట్టేది ‘ఓసాయుహింగ్’, అంటే మన ప్రైవేటు లిమిటెడ్ లాంటిది. ఇ-బిజినెస్ రిజిస్టర్‌లో నమోదు రుసుము 265 యూరోలు. భాగస్వాములు ఉంటే అందరికీ డిజిటల్ సంతకం ఉండాలి. ఒక్కరికి లేకపోయినా ఆన్‌లైన్ దారి మూసుకుపోయి నోటరీ దగ్గరికి వెళ్లాల్సి వస్తుంది. ఒకప్పుడు కనీస మూలధనం 2,500 యూరోలు ఉండేది. 2023 ఫిబ్రవరి 1 నుంచి ఆ నిబంధన తీసేశారు, ఒక్క సెంటుతోనూ మొదలుపెట్టవచ్చు. కానీ డైరెక్టర్లు ఎస్తోనియా బయట ఉంటే అక్కడ చట్టబద్ధమైన చిరునామా, కంపెనీ తరఫున అధికారిక పత్రాలు అందుకునే లైసెన్సు ఉన్న కాంటాక్ట్ పర్సన్ తప్పనిసరి. ఈ సేవకు ఏటా రుసుము కట్టాలి. అకౌంటెంటు ఖర్చు దీనికి అదనం. నెలకు రెండు మూడు ఇన్‌వాయిస్‌లు పంపేవారికి ఈ స్థిర ఖర్చే లాభాన్ని తినేస్తుంది. అలాంటివారు ఈ జోలికి పోకపోవడమే మేలు.

అన్నిటికన్నా ఎక్కువమంది ఆగిపోయేది బ్యాంకు ఖాతా దగ్గర. కార్డు ఉంది కాబట్టి ఖాతా ఇవ్వాలన్న చట్టమేదీ లేదు. 2007-2015 మధ్య డెన్మార్క్‌కు చెందిన డాన్స్‌కే బ్యాంక్ ఎస్తోనియా శాఖలోని విదేశీయుల ఖాతాల గుండా దాదాపు 200 బిలియన్ యూరోలు పోయాయని, అందులో చాలా భాగం అనుమానాస్పదమని 2018లో తేలింది. ఆ దెబ్బతో అక్కడి బ్యాంకులు విదేశీ ఖాతాదారులంటే జంకుతున్నాయి. ఎస్తోనియాలో క్లయింట్లో, ఉద్యోగులో, సరఫరాదారులో ఉన్నారని రుజువు అడుగుతాయి. ఎక్కువమంది చివరికి ఐరోపా లైసెన్సున్న ఆన్‌లైన్ చెల్లింపు సంస్థల వైపు మళ్లుతారు. ఆ సంస్థల నిబంధనలు డైరెక్టరు నివసించే దేశాన్ని బట్టి మారతాయి. కాబట్టి వరస తిరగేయాలి. భారతదేశంలో ఉండే డైరెక్టరుకు ఖాతా ఇస్తారో లేదో ముందు రాతపూర్వకంగా కనుక్కుని, ఆ తర్వాతే కంపెనీ రుసుము కట్టాలి.

ఇక ‘సున్నా పన్ను’. కంపెనీ లాభాన్ని పంచకుండా వ్యాపారంలోనే ఉంచితే ఎస్తోనియాలో కార్పొరేట్ పన్ను లేదన్నది నిజం. బయటికి తీసినప్పుడు పడుతుంది. 2025 నుంచి రేటు 22/78. అంటే 10,000 యూరోల లాభమంతా పంచితే 2,200 ప్రభుత్వానికి, 7,800 వాటాదారుకు. సొంత ఖర్చులు కంపెనీ ఖాతాలోంచి పెట్టుకుంటే అదీ లాభం తీసుకున్నట్టే లెక్క, పన్ను పడుతుంది. డైరెక్టరుగా పారితోషికం తీసుకుంటే పని ఎక్కడ కూర్చుని చేసినా ఎస్తోనియాలో ఆదాయపు పన్ను కోస్తారు. దానిమీద కంపెనీ సాధారణంగా 33 శాతం సామాజిక పన్ను కూడా కట్టాలి. ఆ నెల రిటర్ను మరుసటి నెల 10వ తేదీకల్లా వెళ్లాలి. వ్యాట్ నమోదు పరిమితి ఏడాదికి 40,000 యూరోల టర్నోవరు, రేటు 2025 జులై 1 నుంచి 24 శాతం. ఇతర ఐరోపా దేశాల్లోని వినియోగదారులకు యాప్‌లు, ఆన్‌లైన్ కోర్సుల వంటివి అమ్మేవారు 10,000 యూరోల పరిమితిని కూడా గమనించాలి. అది దాటితే కొన్నవారి దేశపు వ్యాట్ రేటు వర్తిస్తుంది.

ప్రకటనలు అసలు నోరెత్తనిది మన దేశపు చట్టం గురించి. ఇక్కడ నివసిస్తూ విదేశీ కంపెనీలో వాటా తీసుకుంటే, అది ఒక్క యూరో అయినా, విదేశంలో పెట్టిన ప్రత్యక్ష పెట్టుబడే. 2022 ఆగస్టు నాటి ఫెమా (విదేశీ మారక నిర్వహణ చట్టం) నిబంధనల ప్రకారం బ్యాంకు ద్వారా ఫారమ్ ఎఫ్‌సీ ఇచ్చి, రిజర్వు బ్యాంకు గుర్తింపు సంఖ్య తీసుకున్నాకే పెట్టుబడి పంపాలి. కంపెనీ యజమాని తానే అయితే ఏటా డిసెంబరు 31లోగా పనితీరు నివేదిక ఇవ్వాలి. ఇవేవీ చేయకుండా కంపెనీ పెట్టేసి, ఏడాది తర్వాత బ్యాంకుకు వెళ్తే చిక్కు మొదలైనట్టే. ఆదాయపు పన్ను రిటర్నులో విదేశీ ఆస్తుల షెడ్యూలు నింపాలి, ఐటీఆర్-1 వేయడానికి వీల్లేదు.

దీనికన్నా పెద్ద విషయం ఇంకొకటుంది. పని చేసేదీ, నిర్ణయాలు తీసుకునేదీ ఇక్కడ కూర్చునే అయితే, ఆ కంపెనీకి ఇక్కడ శాశ్వత స్థావరం (పన్ను వేయదగిన వ్యాపార చోటు) ఉందంటూ మన ఆదాయపు పన్ను శాఖ లాభం మీద పన్ను అడగవచ్చు. భారత్, ఎస్తోనియాల మధ్య 2011లో కుదిరిన ద్వంద్వ పన్ను నివారణ ఒప్పందం దానికి అడ్డుపడదు, దారి చూపుతుంది. డివిడెండు ఇక్కడి శ్లాబు ప్రకారం మళ్లీ పన్నుకు గురవుతుంది. అక్కడ కంపెనీ కట్టిన 22/78 పన్నుకు వాటాదారు ఖాతాలో క్రెడిట్ (ఇక్కడి పన్నులో ఆ మేరకు తగ్గింపు) దొరకడం కష్టం. పన్ను తగ్గుతుందని వెళ్లినవారికి రెండు చోట్లా తగలడం ఇలా జరుగుతుంది. ఐరోపాలో నిజంగా క్లయింట్లున్నవారు, యూరోల్లో ఇన్‌వాయిస్‌లు పంపేవారు, వేర్వేరు దేశాల భాగస్వాములతో కలిసి ఒకే కంపెనీ నడపాలనుకునేవారు తీసుకుంటే ఈ కార్డు మంచి సాధనం. పన్ను కోసమే అయితే అనవసరం.

మీ వాణిజ్య పేజీలో ఈ పథకం గురించి రాసినప్పుడల్లా గడువుల సంగతి కూడా వేయమని కోరుతున్నాం. ఆర్థిక సంవత్సరం ముగిసిన 6 నెలల్లో వార్షిక నివేదిక వేయాలి. క్యాలెండరు సంవత్సరమైతే జూన్ 30. ఒక్క లావాదేవీ జరగకపోయినా వేయాల్సిందే. వేయకపోతే జరిమానా, చివరికి రిజిస్టరు నుంచి తొలగింపు. ఆ నివేదిక మీద సంతకానికి కార్డు కావాలి, కార్డు గడువు 5 ఏళ్లే. పొడిగింపు అంటూ లేదు, మళ్లీ దరఖాస్తు, మళ్లీ రుసుము, మళ్లీ ఢిల్లీ ప్రయాణం. కంపెనీ వద్దనుకుని మూసేయాలన్నా అదే సంతకం కావాలి. కాబట్టి కార్డు గడువు తీరడానికి కనీసం నాలుగు నెలల ముందే కొత్తదానికి దరఖాస్తు పెట్టాలి, లేదా అది చెల్లుతుండగానే కంపెనీ మూసివేత మొదలుపెట్టాలి.

ఇట్లు,
విదేశీ కంపెనీల లెక్కలు చూసే చార్టర్డ్ అకౌంటెంట్లు