ఫ్లోరైడ్ బకెట్ల చందా: జమా ఖర్చుల వివరణ

చందా ఇచ్చిన అందరికీ నమస్కారం. ఇథియోపియా రిఫ్ట్ లోయలో ఒక ఊరికి ఫ్లోరైడ్ తీసే బకెట్ల కోసం వసూలైన పైసల లెక్క ఇది. రసీదు పుస్తకాలు, బ్యాంకు కాగితాలు అడిగినోళ్లకు చూపిస్తాం.

జమ: ఊళ్లో 212 మంది చందా రూ.2,86,500. గల్ఫ్‌లో ఉన్న మనోళ్లది రూ.74,000. మొత్తం రూ.3,60,500.
మైకులో పేరు చదివించుకుని ఇంకా ఇయ్యనోళ్లు 17 మంది, రూ.41,000. పేర్లు రాస్తలేం. ఎవరిది వారికి ఎరుకే.

ఇక్కడి ఖర్చు: బ్యాంకు ఛార్జీలు 2,140, రసీదు పుస్తకాలు 1,850, మీటింగు చాయ్ 620.

అక్కడికి పంపింది రూ.2,96,000:
120 ఇండ్లకు నల్లా బిగించిన బకెట్ల జతలు 1,08,000
ఆరు నెలల పటిక, సున్నం 28,000
ఫ్లోరైడ్ మీటరు, రసాయనాలు 46,000
మడ్డి గుంత 30,000
ఇద్దరు ఆడోళ్లకు ఆరు నెలల జీతం 84,000

కోశాధికారి సొంత ఖాతా నుంచి ఎందుకు పోయిందని అడుగుతున్నరు. విదేశాలకు పైసలు పంపే రిజర్వు బ్యాంకు పథకం ఎల్‌ఆర్‌ఎస్ (ప్లాట్లది కాదు) వ్యక్తులకే, సంఘాలకు లేదు. అందుకే ఆయన పాన్ మీద, విదేశాలకు పంపేటప్పుడు బ్యాంకుకిచ్చే ఏ-2 ఫారం నింపి పంపినం. రెండో విడత ఆపి వడ్డీకి తిప్పినమన్న మాట అబద్ధం. 2024 జులై 29న అక్కడి సర్కారు తమ కరెన్సీ బిర్రు రేటును మార్కెట్‌కు వదిలేసింది. పాత కొటేషన్లు చెల్లలేదు, కొత్తవి వచ్చేదాకా ఆగినం.

పటిక నల్లగొండ బజారులో కొని పంపాల్సిందని కొందరి కోపం. సముద్రం మీద ఇథియోపియా పక్క దేశం జిబూటి దాకా, ఆ తర్వాత లారీ. కిరాయే సరుకును మించుతుంది. అక్కడ అవాష్ మెల్కాసాలో పటిక ఫ్యాక్టరీ ఉంది. మన పైస మన దుకాణానికే తిరిగి రావాలంటే అది సాయం కాదు, బేరం.

జీతాలు దండగ అన్నోళ్లకు: పటిక, సున్నంతో ఫ్లోరైడ్ తీసే మన నల్లగొండ పద్ధతి చూడ్డానికి సులువు. 20 లీటర్లకు 13 గ్రాముల పటిక, 6 గ్రాముల సున్నం, ఒక నిమిషం జోరుగా, ఐదు నిమిషాలు మెల్లగా కలిపి గంట ఆపాలి. అడుగు మడ్డి కదలకుండా పైనున్న నల్లా నుంచి గుడ్డ వేసి వంపుకోవాలి. పటిక తక్కువైతే ఫ్లోరైడ్ పోదు. ఎక్కువైతే నీళ్లు పుల్లబడి అల్యూమినియం మిగులుతుంది. చెంచా కొలత నమ్మలేం కనుక ఆ ఇద్దరు తూకమేసి పొట్లాలు కడుతరు, మడ్డి ఎత్తి గుంతలో వేస్తరు. బాయి పక్కన పారబోస్తే తీసిన ఫ్లోరైడ్ మళ్లీ నీళ్లలోకే.

దాచేది లేదు: మీటరులో ఫ్లోరైడ్ లీటరుకు 12 మిల్లీగ్రాముల నుంచి 2 దగ్గరికే దిగింది, తాగునీటి హద్దు 1.5కు రాలేదు. అక్కడి నీళ్లలో క్షారం ఎక్కువ, పటికను అదే తింటుంది. ఇంకా వేస్తే రుచి చెడి జనం తాగరు.

మిగులు రూ.59,890. వచ్చే ఆరు నెలల పటిక, సున్నం, జీతాలకు రూ.1,12,000 కావాలి. ఆ 17 మందీ ఇచ్చినా ఇంకా రూ.11,110 తక్కువ.