గోల్‌కీపర్‌కు వేరే కోచ్ కావాలి

సంపాదకుడు గారికి,

వేసవి క్రీడా శిబిరాల్లో ఫుట్‌బాల్‌కు ఒక్క కోచ్, ముప్పై నలభై మంది పిల్లలు. ఉరకలేని పిల్లగాణ్ని గోల్‌లో నిలబెడతారు. వరంగల్, హనుమకొండ ప్రాంతంలో చాలా మైదానాలు మొరం నేలలే. నాలుగుసార్లు పడేసరికి మోచేతులు చెక్కుకుపోతాయి. ఆ తర్వాత వాడు బంతికి అడ్డం పడడు, కాలు చాపి ఊరుకుంటాడు.

గోల్‌కీపర్లుగా ఆడి రిటైరైనవాళ్లు మన దగ్గర ఉన్నారు. టోర్నమెంట్లకు వాళ్లను పిలిచేది లైన్ దగ్గర జెండా పట్టడానికో, శాలువా కప్పడానికో. హైదరాబాద్‌లో పుట్టిన పీటర్ తంగరాజ్ గోల్స్ కొట్టే సెంటర్ ఫార్వర్డ్‌గా మొదలై, సైన్యంలో గోల్‌కీపరయ్యారు. 1956, 1960 ఒలింపిక్స్ ఆడారు. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణం నెగ్గిన భారత జట్టులో ఆయనా ఉన్నారు. ఆట మానేశాక కోచ్‌గా స్థిరపడింది మాత్రం ఇప్పటి జార్ఖండ్‌లోని బొకారోలో.

అయితే ఆడటం వేరు, నేర్పడం వేరు. మాజీ కీపర్లు ఎక్కువగా చేసే పొరపాటు, మొదటి రోజే ఆరు గజాల నుంచి గట్టిగా షాట్లు కొట్టడం. చూసేవాళ్లకు బాగుంటుంది గానీ పిల్లవాడు కళ్లు మూసుకోవడం నేర్చుకుంటాడు. ముందు బంతిని చేత్తో విసరాలి. డైవ్, అంటే బంతికి అడ్డంగా పడటం, మోకాళ్ల మీద కూర్చోబెట్టి మొదలుపెట్టాలి, తర్వాత గొంతుకూర్చుని, ఆ తర్వాతే నిలబడి. నేలకు ముందు పిక్క పక్కభాగం, తర్వాత తొడ, తుంటి, చివరికి భుజం తగలాలి. మోచెయ్యి ముందు ఆనిందా, దెబ్బంతా భుజం కీలుకే. వెనక్కి పడటం ఇంకో జబ్బు: చేతికి తగిలిన బంతి కూడా గోల్‌లోకే పోతుంది. అందుకే ముందుకు, ఏటవాలుగా అడుగు వేయించాలి. విడతకు ఆరేడు బంతులు, ఆపై నిమిషం విశ్రాంతి. అలసిన పిల్లవాడికి తప్పుడు పద్ధతే అలవాటవుతుంది.

దీనికి పచ్చిక మైదానమే అక్కర్లేదు. నాలుగు మీటర్ల పొడవు, రెండున్నర వెడల్పు, పాతిక సెంటీమీటర్ల లోతు గుంతకు ఒక ట్రాక్టర్ ఇసుక సరిపోతుంది. పన్నెండేళ్లలోపు వాళ్లను 24 అడుగుల వెడల్పు, 8 అడుగుల ఎత్తు గోల్‌లో నిలబెట్టడం మానాలి. తలమీదుగా పోయే బంతికి వాణ్ని తిట్టి లాభమేంటి? 16 అడుగులు, 7 అడుగులు చాలు. విడి గోల్‌పోస్టులైతే వెనక పైపును నేలకు బిగించాలి, పిల్లలు వేలాడితే ముందుకు తిరగబడతాయి.

2025లో మారిన నియమం కూడా చెప్పేవాళ్లు కావాలి. కీపర్ బంతిని చేతిలో ఎనిమిది సెకన్లకు మించి ఉంచుకుంటే ఎదుటి జట్టుకు కార్నర్ కిక్ (మైదానం మూల నుంచి తన్నే అవకాశం) ఇస్తారు. చివరి ఐదు సెకన్లు రెఫరీ చెయ్యెత్తి లెక్కపెడతాడు, అది చూడటం ప్రాక్టీసులోనే అలవాటు చేయాలి.

జిల్లా క్రీడల అధికారులు వచ్చే వేసవిలోగా ఒక్కో జిల్లా నుంచి ఇద్దరు మాజీ గోల్‌కీపర్లను ఎంపిక చేసి, కోచింగ్ లైసెన్సు కోర్సుల ఫీజు భరించాలి. వారానికి మూడు సాయంత్రాలు, నలభై నిమిషాల చొప్పున కీపర్లను వాళ్లకు అప్పగిస్తే చాలు. మిగతా సమయం ఎలాగూ జట్టుతోనే.

– కొందరు ఫుట్‌బాల్ శిక్షకులు, కాజీపేట