ఒక్క డీజిల్ ఇంజనునైనా మిగల్చండి

గౌరవనీయులైన రైల్వే అధికారి గారికి,

నమస్కారం. మూడు ఉత్తరాలు రాశాను, జవాబు రాలేదు. అందుకే ఇప్పుడు నలుగురి ముందూ రాస్తున్నాను.

1964 నుంచి వారణాసిలో తయారైన డబ్ల్యూడీఎం-2 రకం డీజిల్ ఇంజన్లు 2600 అశ్వశక్తితో మమ్మల్ని నల్లమల దాటించాయి. దిగువమెట్ట స్టేషను వదలగానే ఇంజను గొంతు బరువెక్కేది. కిటికీ పక్కన కూర్చున్న నా చొక్కా కాలరు మీద మసి వాలేది. అమ్మ తిట్టేది.

విద్యుదీకరణపై నాకు ఫిర్యాదు లేదు. పొగ తగ్గింది, మంచిదే. కానీ ఆ ఇంజన్లు నడిపి రిటైరైన మా పెదనాన్న, మనవడికి చూపించడానికి ఒక్కటీ లేక, నోటితోనే హారన్ మోగిస్తున్నారు.

తుక్కు వేలానికి పోకుండా ఒక డబ్ల్యూడీఎం-2ను నంద్యాల స్టేషను ఆవరణలో నిలపవలసిందిగా కోరుతున్నాను. కుదరని పక్షంలో కారణాన్ని 30 రోజుల్లో లిఖితపూర్వకంగా తెలియజేయగలరు.

భవదీయుడు,
గిద్దలూరు ప్రయాణికుడు